ఇళ్ళ పిన్నిగారు

మా బడికి కొత్తగా వచ్చిన లెక్కల మేష్టారికి ఏలూరులో ఇల్లు దొరకడం లేదు. సత్రంలో దిగి, బడి వదలగానే వీధులు పట్టుకు తిరుగుతున్నారు. మొన్న మధ్యాహ్నం అన్నాల వేళ ఆయన, "ఈ ఊళ్ళో ఇళ్ళు చూపించేవాళ్ళెవరూ లేరాండి?" అని అడిగారు. నేను ఆలోచించకుండానే, "ఇళ్ళ పిన్నిగారని ఒకావిడ ఉన్నారండి. తాడేపల్లిగూడెం వెళ్ళిపోయారు గాని, ఇక్కడి ఇళ్ళన్నీ ఆవిడకి తెలుసు" అన్నాను. గుమ్మం దగ్గర కూర్చున్న మా బంట్రోతు తల పైకెత్తాడు.

"ఆవిడ పోయేరు కదండి మేష్టారూ. పండక్కి ముందేనంటండి. మీకు తెలీదాండి?"

నాకు తెలియదు. తింటున్న అన్నం పక్కన పెట్టేశాను.

పిన్నిగారికి ఒక పేరు ఉండే ఉంటుంది. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. ఆవిడ భర్త బతికున్న రోజుల్లో పొలాలూ ఇళ్ళూ కొనిపెట్టడం, అమ్మిపెట్టడం చేసేవాడట. ఆయన పోయాక పొలాల బేరాలు మగవాళ్ళు పంచుకున్నారు. అద్దె ఇళ్ళు చూపించడం చిల్లర పని కనుక ఆవిడకు వదిలేశారు. ఆవిడ దాన్ని చిల్లర పని అనుకోలేదు. భర్త వాడిన పెద్ద నల్ల గొడుగు చంకలో పెట్టుకుని, తెల్లచీర కొంగు తలమీదుగా కప్పుకుని, పొద్దున్నే బయల్దేరేది. ఆ గొడుగు ఎండకూ వానకూ విప్పడం నేను ఒకటి రెండుసార్లే చూశాను. అది గదులు కొలవడానికి. నేలమీద గొడుగు పొడుగునా పెట్టి, పెట్టి, "నాలుగు గొడుగులండి ఈ గది. ఇద్దరు పడుకోవచ్చు, మూడోవారొస్తే కాళ్ళు ముడుచుకోవాలి" అనేది.

ఇంకొకటి, ముక్కుపొడుం. కొత్త ఇంటి గుమ్మంలో కాలు పెట్టగానే ఆవిడకు తుమ్ము వచ్చేది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు గతుక్కుమని వెనక్కి తగ్గేవారు. "అది పొడుం తుమ్మండి, శకునం తుమ్ము కాదు. రండి లోపలికి" అని నచ్చజెప్పడానికే ఆవిడకు సగం పొద్దు పోయేది. పొడుం మానెయ్యొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "మానేస్తే నిజం తుమ్మేదో తెలిసిపోతుందండి, అప్పుడు ఇళ్ళెవరు తీసుకుంటారు?" అంది.

నాకు మిషన్ బడిలో ఉద్యోగం వచ్చి కరుణమ్మను తీసుకుని ఏలూరు వచ్చినప్పుడు మా పెళ్ళై ఏడాది కాలేదు. మాది కొల్లేటి లంక. మా నాన్న జమ్ముగడ్డి కోసి, కట్టలు కట్టి, ఏలూరులో ఇళ్ళ కప్పులకు అమ్మేవాడు. ఊళ్ళో ప్రతి వీధిలోనూ మా నాన్న కోసిన గడ్డి కింద ఎవరో ఒకరు కాపురం ఉన్నారు గాని, నాకు ఇల్లివ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. పేరు అడిగేవారు, చెప్పగానే ఇల్లు నిన్ననే ఇచ్చేశామనేవారు. ఇలా తిరిగి తిరిగి ఒక అరుగు మీద చతికిలబడితే పిన్నిగారు దారిన పోతూ ఆగింది.

"మీరేనా అండి మిషన్ బడి మేష్టారు? ఆవిడ మీ ఇంటావిడా?" అని, కరుణమ్మ వైపు తిరిగి, "నీకు గాలి కావాలా అమ్మా, వెలుతురు కావాలా? రెండూ ఉన్న ఇల్లు నా దగ్గర లేదు" అంది.

కరుణమ్మ గాలి కావాలంది. అప్పటికి నాలుగో నెల.

అలా మమ్మల్ని కాలువ గట్టు పక్క సందులో పేర్రాజుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయనకు ఆ సందులో తాటాకిళ్ళు వరసగా ఉండేవి. పిన్నిగారు వీధిలోంచే మొదలుపెట్టింది. "పేర్రాజుగారూ, మేష్టారండి. క్రైస్తవులండి. ముందే చెబుతున్నాను. తర్వాత ఎవరో చెప్పారని నా మీద పడొద్దు." పేర్రాజుగారు ముఖం చిట్లించి బావి సంగతి ఎత్తారు. "బావి మీదే ఉంచుకోండి. కాలువ ముందే ఉంది, పంపు మలుపులో ఉంది. వీళ్ళు మీ బావి కోసం రాలేదు, మీ ఇంటి కోసం వచ్చేరు. మొన్న ఖాళీ అయిన ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది కదండి, అందులో పందికొక్కులు అద్దె ఇస్తున్నాయా?" అంది. ఆయనకు నవ్వొచ్చింది. ఇల్లు దొరికింది.

బయటికి వచ్చాక నాతో అంది. "ముందే చెబుతున్నానండి మేష్టారూ. ఆయనకి నోరు చెడ్డది, ఒకటో తారీఖు సాయంత్రం దాటితే వీధిలో అరుస్తాడు. వెనక ఇంటివాళ్ళ మేకలు మీ వసారాలోకి వస్తాయి. ఈశాన్యం మూల కప్పు పల్చబడింది. ఇవి మూడూ ఒప్పుకుంటేనే సామాను దింపండి."

అలాంటి మనిషి. ఇంటివాడి లోపాలు అద్దెకొచ్చేవాడికీ, అద్దెకొచ్చేవాడి లోపాలు ఇంటివాడికీ చెప్పి, ఆ తర్వాత ఇద్దర్నీ ఒప్పించేది.

ఆ ఏడు తొలకరి వాన పడ్డ రోజున తలుపు చప్పుడైతే తీశాను. గొడుగు చంకలోనే ఉంది, మనిషి ముద్దగా తడిసిపోయి ఉంది. నన్ను తప్పించుకుని లోపలికి వచ్చి పైకి చూస్తూ గది అంతా తిరిగింది. ప్రతి ఏడూ మొదటి వానకు, తను కుదిర్చిన ఇళ్ళన్నీ ఇలా చూసి వస్తుందని నాకు తర్వాత తెలిసింది. కరుణమ్మ మంచం మీద ఒక చుక్క పడుతోంది. ఆవిడ చెయ్యి చాపి ఆ చుక్కను అరచేతిలో పట్టుకుంది, ఇంకో రెండు చుక్కలు పడనిచ్చి, వెళ్ళిపోయింది. కాసేపటికి కప్పు వేసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళ వెనక పేర్రాజుగారు సణుక్కుంటూ.

"కడుపుతో ఉన్న పిల్ల మీద చుక్క పడుతుంటే నేను భోజనం చెయ్యలేనండి. మీరు చేస్తారా?" అని ఆయన్ని అడిగింది. ఆయన తాటాకులు తెప్పించారు.

అయితే మా ఇంట్లో మంచినీళ్ళు తాగేది కాదు. తన చెంబు తనే తెచ్చుకునేది. దాన్ని దాచేది కాదు. "ఇది నా పాత జబ్బండి మేష్టారూ. తప్పని తెలుసు, గొంతు దిగదు" అంది ఒకసారి. కరుణమ్మ నొచ్చుకుంది. అయినా బిడ్డ పుట్టినప్పుడు రాత్రంతా బయట అరుగు మీద కూర్చున్నది ఆవిడే.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఇల్లు ఖాళీ అయితే, ఉండి అనే ఊరి నుంచి వచ్చిన సత్యం అనే దర్జీకి ఇప్పించింది. భార్యాభర్తలూ, పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రి వీరాస్వామిగారూ. ముందు గది చిన్నదని అందులో కుట్టుమిషను పెట్టుకున్నారు. ముసలాయన మంచం వెనక గదిలో వేశారు. వంట ఆ గదికి ఆనుకుని, చూరు కిందే.

వేసవిలో ఒక మధ్యాహ్నం పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. సత్యం బజారుకెళ్ళాడు. భార్య పొయ్యి మీద ఎసరు పెట్టి కాలువకి నీళ్ళకు వెళ్ళింది. నేను బడిలో ఉండగా పొగ కనబడింది. పరుగెత్తుకొచ్చేసరికి ఆ కొస నుంచి ఇళ్ళు వరసగా అంటుకుంటున్నాయి. జనం కాలువలోంచి బిందెలు అందిస్తున్నారు. మా ఇంటికి ముందున్న కప్పు పీకి పారేశారు కనుక నిప్పు అక్కడ ఆగింది. వీరాస్వామిగారిని మాత్రం తీసుకురాలేకపోయారు.

పిన్నిగారు వచ్చేసరికి అంతా అయిపోయింది. బూడిదలో నిలబడి, పొయ్యి రాళ్ళు ఉన్నచోటు నుంచి మంచం ఉన్నచోటుకి గొడుగు పెట్టి కొలిచింది. ఒక్క గొడుగు. లేచి నిలబడి నా వైపు చూసింది గాని, ఆవిడకు నేను కనబడ్డానో లేదో.

తర్వాత చాలా రోజులు ఆవిడ వీధిలోకి రాలేదు.

ఆ వేసవి దాటకుండానే టముకు వేశారు. చెన్నపట్నంలో చేసిన మునిసిపల్ చట్టంలో ఒక సెక్షను ఉందట. ఊళ్ళో ఫలానా వీధుల్లో నిప్పంటుకునే కప్పు ఉండకూడదని దాని కింద ఉత్తర్వు చేయవచ్చట. మా సందూ చుట్టుపక్కల వీధులూ అందులోకి వస్తాయి. కొత్తగా తాటాకు గాని, గడ్డి గాని వేయకూడదు, ఉన్న కప్పు పాడైతే తిరిగి వేయకూడదు, పెంకులే వేయాలి. అభ్యంతరాలు ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చు.

మా వీధిలో అభ్యంతరం లేనివాడు లేడు. పెంకుకు ఖర్చెవరు పెడతారని పేర్రాజుగారి లాంటి యజమానులు. పెంకు వేశాక అద్దె పెంచితే ఎక్కడికి పోతామని మాలాంటివాళ్ళు. నా మట్టుకు నాకు ఇంకొక బాధ ఉంది. ఏలూరులో గడ్డి వేయకూడదంటే మా నాన్న కోసే జమ్ము ఎవరు కొంటారు? అందరూ కలిసి అర్జీ రాయమంటే నేనే రాశాను. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, నిజాయితీగా రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. పిన్నిగారి చేత మాట్లాడిద్దామని పేర్రాజుగారు అన్నారు. ఇళ్ళ సంగతి ఆవిడకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? పైగా చూపించే ఇళ్ళలో ముప్పాతిక మువ్వీసం తాటాకువే. ఆవిడ కూడు కూడా పోతుంది.

అడిగితే వస్తానంది. మర్నాడు మా ఇంటికి వచ్చి, "మేష్టారూ, మీ నాన్నగారి దగ్గరికి నన్ను ఒకసారి తీసుకెళ్ళాలండి" అంది. ఎందుకో చెప్పలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక బయల్దేరాం. కొంత దూరం బండి, ఆ తర్వాత దోనె. తాటిదుంగ తొలిచి చేసిన దోనె కదిలితే ఊగుతుంది. పిన్నిగారికి నీళ్ళంటే భయమని అప్పుడే తెలిసింది. ఒక చేత్తో నా భుజం, ఒక చేత్తో గొడుగు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. నడుమ తుమ్మింది. దోనె అటూ ఇటూ ఊగింది. "ఇది పొడుం తుమ్మేనా అండి?" అన్నాను. కళ్ళు తెరవకుండానే, "మీరు ఊరుకోండి మేష్టారూ" అంది.

మా నాన్న యోహాను ఒడ్డున జమ్ము ఆరబెడుతున్నాడు. చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టి, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. ఆవిడ అది తాగి, కట్టల పక్కనే నేలమీద కూర్చుంది.

"మిమ్మల్ని చూసి చెప్పి పోదామని వచ్చేనండి. బుధవారం నాడు మునిసిపల్ ఆఫీసులో గడ్డి కప్పులు వద్దని చెప్పబోతున్నాను. మీ అబ్బాయి వేయనివ్వమని అర్జీ రాసేరు. నేను వద్దంటాను. మీ గడ్డి కొనేవాళ్ళు తగ్గుతారు. ఆ సంగతి మీకు నా నోటితోనే తెలియాలి."

నేను నిర్ఘాంతపోయాను. నాన్న నీళ్ళవైపు తిరిగాడు.

"ముసలాయన కాలిపోయేడంట కదండి. మావోడు చెప్పేడు" అన్నాడు.

"అవునండి."

"నేను కోసిన గడ్డేనాండి?"

"తాటాకండి. మీది కాదు."

"నాదైనా ఒకటే కదమ్మా." నాన్న ఒక కట్ట తీసి సర్ది మళ్ళీ కింద పెట్టాడు. "మా లంకలో పెంకు నిలవదండి. నీళ్ళొస్తే గోడే ఉండదు, పెంకెక్కడుంటాది. మాకు జమ్మే. మీ ఊరి సంగతి మీరు చెప్పుకోండి. నా కోసం చెప్పడం మానొద్దు."

తిరుగు దారిలో ఆవిడ మీద కోపంతో నేను మాట్లాడలేదు. ఈసారి ఆవిడ కళ్ళు మూసుకోలేదు.

బుధవారం హాలు నిండిపోయింది. నేను అర్జీ చదివాను. కప్పుల గురించీ, పెంకుల ధర గురించీ, అద్దెల గురించీ ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. ఛైర్మన్‌గారు ఓపికగా విన్నారు. చివరికి పిన్నిగారిని పిలిచి, "మీరూ ఈ అర్జీకి ఒప్పుకుంటున్నారా అమ్మా?" అని అడిగారు.

"ఒప్పుకోనండి."

పేర్రాజుగారు కుర్చీలోంచి సగం లేచారు.

"వీరాస్వామిగారని, ఉండి నుంచి వచ్చేరండి" అంది ఆవిడ. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, ఇల్లు చూపిస్తున్నట్టే. "కోడలు కలిపి పెడితే ఎడంచేత్తో తినేవారు. వీధి కనబడేలా మంచం వెయ్యమని అడిగేరండి నన్ను. ముందు గదిలో మిషను పెట్టాలి కదండీ, వెనకైతే గాలి బాగా వస్తుందని నేనే సర్దిచెప్పేను. ఆ ఇంటి గోడల సంగతి చెప్పేను, మేకల సంగతి చెప్పేను, ఇంటివారి నోటి సంగతి కూడా చెప్పేను. పొయ్యికీ మంచానికీ ఎడం లేదని చెప్పలేదండి. చెబితే తీసుకోరు. అందుకని చెప్పలేదు."

సత్యం గోడకానుకుని తల దించుకుని ఉన్నాడు.

"ఉత్తర్వు వెయ్యండి బాబూ. కాని ఇంకొక మాట కూడా రాయండి. పెంకు వేసినవారు, పాతవాళ్ళనే ఆ ఇంట్లో ఉండనివ్వాలని."

ఛైర్మన్‌గారు పక్కనున్న వకీలుతో మెల్లగా మాట్లాడి, పుస్తకం తిప్పి చూశారు. "కప్పు ఎలా ఉండాలో రాయడానికి మాకు అధికారం ఉందమ్మా. దాని కింద ఎవరుండాలో రాయడానికి లేదు. ఆ చట్టంలో ఆ మాట లేదు."

"అయితే సగమే రాసేరండి చట్టం" అంది పిన్నిగారు. అని, కూర్చుంది.

వానాకాలం వెళ్ళేదాకా పాత కప్పులకు గడువిచ్చి ఉత్తర్వు వేశారు.

ఆ తర్వాత ఆవిడ భయపడ్డట్టే అయింది. పేర్రాజుగారు పెంకు వేయించి మా ఇల్లు ఒక వకీలు గుమస్తాకి ఇచ్చారు. సందులో పాతవాళ్ళు ఒక్కొక్కరే ఖాళీ చేశారు. యజమానులు పిన్నిగారిని గుమ్మం ఎక్కనివ్వడం మానేశారు. ఖాళీ చేసినవాళ్ళలో కొందరు ఆవిడ ఎదురైతే ముఖం తిప్పుకునేవారు. మా నాన్న కోసిన జమ్ము ఆ ఏడు ఒడ్డునే కుళ్ళిపోయింది. కోతలకు ముదినేపల్లి వైపు కూలికి పోయాడు. ఆ సంగతి నేను ఆవిడకు చెప్పలేదు, ఆవిడే తెలుసుకుంది.

ఆవిడ మాత్రం తిరగడం మానలేదు. కాలువ అవతల, ఉత్తర్వు వర్తించని చోట, ఖాళీ చేసినవాళ్ళకు ఇళ్ళు వెతికింది. ముఖం తిప్పుకున్నవాళ్ళకు కూడా వెతికింది. అవీ తాటాకిళ్ళే. అయితే ఇప్పుడు గదులు కొలవడం కాదు. పొయ్యికీ చూరుకీ మధ్య, పొయ్యికీ మంచానికీ మధ్య కొలిచేది. వంటకి విడిగా పాక వేస్తేనే మనుషుల్ని తెస్తానని ఇంటివాళ్ళతో పేచీ పెట్టేది. మాకు దొరికిన ఇల్లు అలాంటిదే. కరుణమ్మ వానలో వంటపాకకి తడుస్తూ వెళ్ళాలని విసుక్కుంటే, "తడువమ్మా, ఏం కాదు" అనేది.

ఆవిడ సొంత ఇల్లు కూడా ఆ వీధుల్లోదే, తాటాకుదే. గడువు రాకముందే మనిషిని పెట్టి కప్పు విప్పించేసింది. పెంకు వేయించే శక్తి లేదు. స్థలం అమ్మేసింది. అమ్మేసి మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, "మేష్టారూ, ఒక గది చూసిపెట్టండి. ఒంటి మనిషి, ముసలిది, పొడుం పీలుస్తుంది. ముందే చెప్పండి వాళ్ళకి" అని నవ్వింది.

నేను చాలా గుమ్మాలు ఎక్కాను. ఆవిడకి అనగానే లేదన్నారు. మా ఇంట్లోనే ఉండమని కరుణమ్మ అడిగింది. ఆవిడ కరుణమ్మ చెయ్యి పట్టుకుని, "నీళ్ళు తాగని ఇంట్లో ఎలా ఉండనమ్మా" అంది. మళ్ళీ తనే, "ఇవ్వు, చూద్దాం" అని చెయ్యి చాపింది. కరుణమ్మ గ్లాసుతో తెచ్చింది. రెండు గుక్కలు తాగింది, మూడోది కష్టపడి మింగి గ్లాసు కింద పెట్టింది. "ఈ వయసులో ఇంతే వచ్చిందమ్మా" అంది. కరుణమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది.

బంట్రోతు ఆ కబురు చెప్పాక వచ్చిన ఆదివారం నేను గూడెం వెళ్ళాను. స్టేషన్ దగ్గర ఆవిడ గురించి అడిగితే దర్జీ కొట్టు చూపించారు. చూస్తే సత్యం. వీధివైపు మిషను, వెనక గది. ఆ గదిలోనే ఆవిడ ఉండేదట. ఇక్కడ కూడా మిల్లు కూలీలకూ, రైల్వే వాళ్ళకూ ఇళ్ళు చూపిస్తూ తిరిగిందట. జ్వరం వచ్చి, పెద్దగా బాధపడకుండానే పోయిందని చెప్పాడు. తలకొరివి తనే పెట్టాడట.

నేను అడగకూడదనుకుంటూనే అడిగాను. "మీ నాన్నగారికి ఆ ఇల్లు ఇప్పించింది ఆవిడే కదా సత్యం. నీకు కోపం రాలేదా?"

"రాకేమండి. మీటింగుకి ఆవిణ్ణి నలుగుర్లో తిడదామనే వచ్చేను." సత్యం కుడుతున్న గుడ్డ సర్దుకున్నాడు. "ఆ రోజు అందరూ కప్పులు కప్పులు అన్నారండి. మీరూ అన్నారు, తప్పు కాదులెండి. మా నాన్న పేరు ఆవిడొక్కతే ఎత్తింది. ఆయన ఎడంచేత్తో తినేవాడని కూడా చెప్పింది."

లోపల్నుంచి భార్య కాఫీ తెచ్చి ఇచ్చింది. సత్యం మిషను తొక్కడం మొదలుపెట్టాడు. పెళ్ళివారి చొక్కాలట, సాయంత్రానికి ఇచ్చెయ్యాలట.